శుక్రవారం ఐదింటికి మోగని గంట

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. నాలుగు చినుకులు పడితే బాహుదా ఏరు పొంగి మదనపల్లె మునిగిందంటాను. మార్కెట్ యార్డు ముందర రెండు టమాటా లారీలు ఆగితే రాయలసీమ మొత్తం ఆగిందంటాను. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదువుకోండి. కానీ ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చున్న బరువులోంచి మాత్రం ఏమీ తీసేయకండి. అది కుప్పం అడవిలో ఏనుగంత ఉంది. చూశారా, మళ్లీ మొదలుపెట్టాను. ఏనుగంత లేదు. ఒక స్విచ్చంత ఉంది. అదీ గోడ మీద స్విచ్చు కాదు, కంప్యూటరు తెర మీద గోరంత స్విచ్చు.

నా పేరు అడగకండి. పొలాలకు డ్రిప్ పైపులు వేసే ఒక కంపెనీలో ఉద్యోగం నాది. పెద్దాఫీసు మదనపల్లెలో. పుంగనూరులో, కుప్పంలో చిన్న ఆఫీసులున్నాయి. ఎవరు ఏ పొలంలో ఎన్ని గంటలు పనిచేశారో వారం వారం వాళ్లే ఫోన్‌లో నింపాలి. దాన్ని టైంషీటు అంటారు. నింపనివాళ్లకు శుక్రవారం సాయంత్రం ఐదింటికి గంట మోగుతుంది. 'మీ పనిగంటలు ఇంకా నమోదు కాలేదు' అని సందేశం వస్తుంది. ఆ గంటల కొలువుకు మహారాజును నేనే. ఎవరికి మోగాలి, ఎప్పుడు మోగాలి, అంతా నా మౌసు కింద ఉండేది.

నాకు ఆ గంటంటేనే ఒళ్లుమంట. తంబళ్లపల్లె మెట్టపొలంలో నడుం వంచి పైపు అతికిస్తున్న మనిషికి, చేతులకు గమ్ము ఆరకముందే, నువ్వు పనిచేసినట్టు కనిపించడంలేదని చెప్పే యంత్రానికి సిగ్గుండదా? పైపులోంచి నీళ్లు కారుతున్నాయి, చెట్టు తడుస్తోంది, రైతు నవ్వుతున్నాడు. అవేవీ సాక్ష్యం కాదట. నింపిన గడి పచ్చగా కనిపిస్తే పనిచేసినట్టు, తెల్లగా ఉంటే ఆ మనిషి ఖాళీగా ఉన్నట్టు. ఖాళీగా ఉన్నవాణ్ని తీసి ఎక్కడ మనుషులు తక్కువుంటే అక్కడ పడేయొచ్చు. ఇంత దుర్మార్గం కనిపెట్టిన మహానుభావుడు ఎవడో నాకు దొరికితే బాగుండు. దొరికితే ఏం చేస్తాను? ఏమీ చేయను. ఆ యంత్రం దగ్గర జీతం తీసుకున్నది నేనే కదా.

పుంగనూరు ఆఫీసులో రెడ్డెప్ప అని ఫిట్టరు ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఊళ్లో ఆయనకొక పొట్టి ఆవు. పుంగనూరు ఆవులు పొట్టివే, కానీ ఇది మరీ పొట్టిది, బల్ల కింద దూరేదంటే నమ్మండి. దాని పేరు చిట్టి. అది రెడ్డెప్పను తప్ప ఎవరినీ పొదుగు ముట్టుకోనివ్వదు, ఆయన భార్యను కూడా. సాయంత్రం పాలు పితికే వేళ సరిగ్గా ఐదు గంటలు. శుక్రవారం ఆయన జేబులో గంట మోగగానే చిట్టి ఎగిరి తన్నేది. ఒకసారి తంతే పాలచెంబు పలమనేరులో పడిందని నేను ఆఫీసంతా ప్రచారం చేశాను.

ఒకరోజు రెడ్డెప్ప నాకు ఫోన్ చేశాడు. నేను స్పీకరు పెట్టాను. ఎందుకు పెట్టాను? ఆయన్ను ఆటపట్టించి పదిమందిని నవ్విద్దామని. ఆ ఆఫీసులో నవ్వించే హక్కు నా ఒక్కడిదే అనుకునేవాణ్ని.

"అప్పా, ఆ గంట నాకు ఆరింటికి జరపప్పా. ఆవు తంతాండాది."

"ఏం రెడ్డెప్పా, మీ ఆవు కూడా టైంషీటు నింపుతోందా?"

"నింపుతాది. పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు. దాని పని అందరికీ కనిపిస్తాది. నువ్వు పొద్దంతా ఫ్యాను కింద కూసోని గంట కొడతాండావే, నీ పని యాడ కనిపిస్తాదప్పా?"

ఆఫీసు గొల్లుమంది. మేనేజరు కూడా తలుపు తీసుకుని వచ్చి నవ్విపోయాడు. నేనూ నవ్వాను. నా నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

ఆయన అడిగింది గంట జరపమని. అర నిమిషం పని. నేను జరపలేదు. ఆయన పేరు పక్కనున్న స్విచ్చును ఆపేశాను. తిరిగి ఫోన్ చేసి, "మార్చేశాను రెడ్డెప్పా, ఇకమీద నువ్వు నింపాల్సింది ఏమన్నా ఉంటేనే మోగుతుంది" అన్నాను. ఆయన నమ్మాడు. "సల్లగా ఉండప్పా" అని దీవించాడు. రెండు వారాలు ఏడిపించి మళ్లీ వేద్దామనుకున్నాను. తర్వాత పనుల్లో పడి మరిచిపోయాను.

గంట మోగలేదు కాబట్టి నింపాల్సిందేమీ లేదనుకున్నాడు రెడ్డెప్ప. పొలాల్లో ఎప్పటికంటే ఎక్కువే పనిచేశాడు. తెర మీద ఆయన గడులు మాత్రం వారం తర్వాత వారం తెల్లగా పేరుకుపోయాయి. అప్పుడే కుప్పంలో మనుషులు చాలడంలేదని కబురొచ్చింది. ఖాళీగా ఎవరున్నారని మేనేజరు తెర చూశాడు. పుంగనూరులో ఒక మనిషి నెలకు పైగా ఊరికే కూర్చున్నట్టు కనిపించింది. రెడ్డెప్పను మదనపల్లెకు పిలిపించారు.

ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. మేనేజరు తెర ఇటు తిప్పి చూపించాడు.

"ఇన్ని వారాలు ఏం చేశావయ్యా?"

"పని చేసినాను సార్. రైతులను అడగండి."

"మరి నింపలేదెందుకు?"

"గంట మోగలేదు సార్. మోగితేనే నింపల్ల అనుకుంటి." రెడ్డెప్ప నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. నాకు మోగిందా?"

చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. ఆపేశాను, అంతే. మేనేజరు నన్ను చూస్తున్నాడు. నాలుగు నవ్వుల కోసం చేసిన పని ఇంతదాకా వచ్చిందని ఒప్పుకుంటే నా గతేమిటి?

"ఇక్కణ్నుంచి సందేశం పోయింది రెడ్డెప్పా," అన్నాను. "నీ ఫోనే సరిగా లేదేమో చూసుకో."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని ముఖం తుడిచాడు. నామీద అనుమానం రావాలి కదా? రాలేదు.

"అయితే దీందే తప్పు సార్," అన్నాడు. "కిందమీద పడతా ఉంటాది. చెడిపోయిండాదేమో."

కుప్పం పంపేశారు. అక్కడ గది తీసుకుని ఉన్నాడు, ఆదివారాలు ఊరికి వచ్చి పోయేవాడు. చిట్టి ఎవరినీ దగ్గరికి రానివ్వక, పొదుగు గట్టిపడి అవస్థపడింది. చివరికి గంగవరంలో ఎవరికో ఇచ్చేశారు. ఆయన్ను కుప్పం పంపిన రోజే, టీకి కూడా లేవకముందే, నేను ఆ స్విచ్చు మళ్లీ వేశాను. ఎంత చురుకు చూడండి! మనిషిని పంపేశాక గంట వేసిన చురుకు.

కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేశాడు. ఈసారి నేను స్పీకరు పెట్టలేదు.

"కొత్త ఫోను కొన్నానప్పా. శుక్రవారం మోగింది సూడు! నువ్వు చెప్పిందే నిజం, పాతదాందే తప్పు. ఆ పొద్దు సారు ముందర నీమీద పెడితినే, మనసులో పెట్టుకోవాకప్పా."

నన్ను క్షమాపణ అడిగాడండీ. నన్ను! ఆ రోజు నుంచి నా కోపానికి దిక్కు తోచడంలేదు. యంత్రం మీద పెడతాను, నిలవదు. తెర చూసి మనిషిని తూచే మేనేజరు మీద పెడతాను, కాసేపు నిలుస్తుంది. ఆఖరికి రెడ్డెప్ప మీద కూడా పెట్టి చూశాను. ఒక్కసారి అనుమానించలేకపోయావా, ఒక్క తిట్టు తిట్టలేకపోయావా అని. ఎంత అన్యాయమో చూడండి, చేసినవాణ్ని నేను, నమ్మినందుకు ఆయన మీద మండిపడుతున్నాను.

ఇప్పటికీ ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి కుప్పం ఏమీ సముద్రాల అవతల లేదు. బస్సుంది. ఎక్కలేదు.

ఇక కోతల లెక్క. ఆవు బల్ల కింద దూరదు, చెంబు పలమనేరు దాకా పోలేదు, పేడదిబ్బ మీద పడింది. అవి మీరే తీసేసుకుని ఉంటారు. కానీ మీకు అనుమానం రాకుండా సాఫీగా ఒక అబద్ధం దాటించేశాను. మరిచిపోయానన్నాను కదా. అదే నేను కల్పించింది.

మరిచిపోలేదు. ప్రతి శుక్రవారం ఐదింటికి పేర్ల వరస తెరిచేవాణ్ని. ఆయన స్విచ్చు ఒక్కటే చీకటిగా ఉండేది. తెల్లబడుతున్న గడులూ చూసేవాణ్ని. దాని ఫలితమేమిటో నాకంటే తెలిసినవాడు ఆ ఆఫీసులో లేడు. అయినా వేయలేదు. ఆయనే ఫోన్ చేసి, నా గంట నాకియ్యప్పా అని బతిమాలాలని, అప్పుడు స్పీకరు పెట్టాలని, పదిమందీ ఈసారి నా మాటకు నవ్వాలని కాచుకున్నాను.

ఆయన ఫోన్ చేయలేదు. మోగకపోతే పనిలేదని నేనే కదా చెప్పాను.