బావమరిది మాటలకు కరెంటు లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మహానుభావుడెవరోగానీ, షెడ్డులో విమానం కట్టి చూసిన పాపాన పోలేదు. మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికే ఈ మేస్త్రి మాత్రం చూశాడు. అదీ తన సరదాకు కాదు, భార్య తమ్ముడి పోరు పడలేక!

ఆ బావమరిదిని అందరూ వసపిట్ట అనేవారు. నిద్రలో తప్ప నోరు మూతపడేది కాదు. రెక్కలూ ఇంజనూ అతని వంతు, కరెంటు పని బావ వంతు. ఇంజనుకు పెట్రోలు తోడే పంపూ, దాన్ని మండించే నిప్పురవ్వా రెండూ కరెంటు మీదే నడుస్తాయి. అందుకే మేస్త్రి ఒక్కో సామానునూ బల్ల మీద పెట్టి, బ్యాటరీకి తగిలించి, ఎన్ని ఆంపియర్లు తింటుందో మీటరులో చూసి, షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో కూడుకుంటూ వచ్చాడు.

"సీటు కింద హీటరు పెడదాం బావా, పైన చలి."

"మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకోవాలిరా. గాల్లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు చచ్చిందనుకో, బ్యాటరీ ఒక్కటే నీకు దిక్కు. హీటరూ లేదు, గీటరూ లేదు. స్వెట్టరేసుకో!"

లెక్క కుదిరింది. ఒట్టి బ్యాటరీ మీద తిరిగొచ్చినా ఇంకాస్త మిగులుతుంది. మేస్త్రి మీసం మెలేశాడు.

వసపిట్ట మొదటిసారి కొండలు దాటి వెళ్లిన రోజు, మేస్త్రి చేతి రేడియో పట్టుకుని మైదానం అంచున నిలబడ్డాడు. పక్కన భార్య. పైనుంచి కబుర్లే కబుర్లు. ఉన్నట్టుండి గొంతు మారింది.

"బావా, ఎర్ర దీపం వెలిగింది. ఆల్టర్నేటరు పోయింది."

"కంగారు పడకు. దీపాలు ఆపు, దారి చూపే తెర ఆపు. తిన్నగా వచ్చెయ్."

"ఆపేశా. కింద అంతా అడవే బావా, దిగడానికి జానెడు చోటు లేదు. ఇదిగో, వాగు దాటుతున్నా. వింటున్నావా? బ్యాటరీ ముల్లు పడిపోతోంది బావా, నువ్వు చెప్పినదానికన్నా జోరుగా..."

మేస్త్రికి అప్పుడు తట్టింది. బల్ల మీద కూర్చున్న రేడియో ఎవరితో మాట్లాడుతుంది? అది ఊరికే వింటున్నప్పుడు మీటరు చూశాడు తను. బటన్ నొక్కి మాట్లాడితే విమానంలోని ఆ పాత రేడియో పెట్రోలు పంపుతో సమానంగా తింటుంది. ఓరి నా తెలివి తెల్లారా! అన్నీ లెక్కపెట్టి, వసపిట్ట నోటిని వదిలేశాడు.

"ఒరేయ్, మాట్లాడకు! నీ మాటలే బ్యాటరీని తినేస్తున్నాయి. నేలకు దిగేదాకా ఆ బటన్ ముట్టుకోకు."

"అక్క ఉందా అక్కడ?"

"ఉంది. మాట్లాడకురా బాబూ!"

"భయమేస్తోంది బావా."

ఆ తర్వాత ఏమీ వినపడలేదు. బటన్ వదిలాడో, ఇంజనే ఆగిందో ఎలా తెలుస్తుంది? కరెంటు పనిలో పండిపోయిన చేతులు ఇప్పుడు ఎందుకూ పనికిరావు. మేస్త్రికి ఏడుపొచ్చింది.

"ఇటివ్వండి," భార్య చెయ్యి చాచింది. "భయపడకురా అని ఒక్క మాట చెప్తాను."

మేస్త్రి రేడియోను గుండెలకు హత్తుకున్నాడు. "వద్దే."

"పసివాడిలా వణికిపోతున్నాడండీ! మనిషేనా మీరు?"

"నువ్వు పిలిస్తే వాడు పలక్కుండా ఉండలేడే."

ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, దాంతో తన నోరే గట్టిగా మూసుకుంది.