వెనుక పలక లేని స్పీకర్లు

నాచారంలో మోటార్లకు వైండింగ్ చేసే ఏలియాకు ఈ మధ్య నిద్ర సరిగా లేదు. తీగ చుడుతూ చుడుతూ ఆగి, చెవి ఒగ్గి ఏదో వినేవాడు. “ఏందన్నా, ఎవలన్న పిలుస్తున్నరా?” అని పక్కవాడు నవ్వేవాడు. ఏలియా చెవిలో మోగుతున్నది లక్ష్మీనర్సమ్మ ఇంటి కిటికీ విసురుగా మూసుకునే చప్పుడు.

ఉప్పల్‌లో వాళ్ల ప్రార్థన మందిరం ఒక అద్దె హాలు. దానికీ లక్ష్మీనర్సమ్మ ఇంటికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. మిగతా స్థలమంతా మింగి హాలు కట్టినవాడికి అద్దె మిగిలింది, పక్కవాళ్లకు చప్పుడు మిగిలింది. ఆమె భర్తకు గుండె ఆపరేషన్ అయింది. ఆదివారం పాట మొదలవగానే ఆయన ఛాతీ పట్టుకుని మంచంలో లేచి కూర్చుంటున్నాడు. మందిరంవాళ్లకు మర్యాదగా చెప్పి చూసి, చివరికి ఆమె హాలు ఓనరు రాఘవేంద్ర దగ్గరికి వెళ్లింది.

“మల్లొక్కసారి ఆమె నా గడప తొక్కితే హాలుకు తాళమే,” అన్నాడు రాఘవేంద్ర సంఘంవాళ్లతో. మందిరానికని అడిగితే ఇంకో హాలు ఎంత సులువుగా దొరుకుతుందో అడిగినవాళ్లకే తెలుసు.

సౌండ్ తగ్గిస్తే వెనుక కూర్చునే ముసలివాళ్లకు వాక్యం అందదు. పెంచితే పక్కింటాయనకు ప్రాణం మీదికి వస్తుంది.

“సంఘంల ఇంకెవ్వరు లేరా? ఫికరంత నీకేనా?” అంది భార్య సువార్తమ్మ.

“ఆ స్పీకర్ డబ్బాలు తెచ్చి పెట్టింది నేనే గదనే.”

ఏలియా ఫోన్లో వీడియోలు చూశాడు. సగం అర్థం కాలేదు. అర్థమైన సగం ఇది: డబ్బాలో బిగించిన స్పీకర్ నాలుగు వైపులా మోగుతుంది. ఉత్త చెక్క పలకకు బిగించి వెనుక తెరిచి ఉంచితే ముందుకీ వెనక్కీ మోగుతుంది; పక్కలకు, అంటే సందు వైపుకు, వచ్చేసరికి ముందు శబ్దమూ వెనుక శబ్దమూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చిన్న స్పీకర్లను నిలువుగా ఒకే వరుసలో బిగిస్తే ముందువాళ్ల చెవులు పగలవు, వెనుకవాళ్లకు మాట అందుతుంది.

పాత టీవీల్లోంచి ఒకేరకం స్పీకర్లు ఏరి తెచ్చాడు. వడ్రంగి శాంసన్ మనిషెత్తు పలకలు రెండు కోసి, రంధ్రాలు చేసి ఇచ్చాడు. ఒక్క స్పీకరుకు తీగలు తారుమారైనా అది మిగతావాటి మీద తిరగబడుతుంది. అందుకని ఏలియా ఒక్కోదానికి పెన్సిల్ సెల్ ముట్టించి, కాగితపు మూతి ముందుకు కదులుతుందో లేదో చూశాడు. చూసినవే మళ్లీ చూశాడు. శనివారం మధ్యాహ్నం వాటిని వేదిక మీద, వెనుక గోడకు ఎడంగా నిలబెట్టి, ఒక పాట పెట్టి, సందులోకి వెళ్లి విని, కొంత ధైర్యంతో సెకండ్ షిఫ్టుకు పోయాడు.

ఆదివారం పాట మొదలైంది. సందులో నిలబడ్డ ఏలియా చెవి ఒగ్గాడు. చప్పుడు నిన్నటిలా లేదు, పాత డబ్బాల్లాగే ఉంది. లక్ష్మీనర్సమ్మ కిటికీ రెక్క ధడేల్మని మూసుకుంది. ఆమె రాఘవేంద్ర ఇంటికని చెప్పులేసుకుని బయటికొచ్చింది.

“అక్కా, జర ఆగు. ఒక్క ప్రార్థన అయ్యేదాంక.”

“ప్రార్థన జేస్తే సౌండ్ తగ్గుతదా?”

లోపలికి పరుగెత్తి వేదిక వెనుక చూస్తే స్పీకర్ల వీపులను డబ్బాలా మూసేసి కొత్త ప్లైవుడ్ మెరుస్తోంది. శాంసన్ పక్కకొచ్చి గుసగుసగా, “ఎట్లుందన్నా? వైర్లు గిట్ల ఏలాడుతుంటే అయ్యగారి ఎనుక ఏం బాగుంటది? నువ్వు మర్షిపోయినవని నేనే బిగించిన. పైసల్ వద్దులే, దేవుని పని,” అన్నాడు.

ప్రేమతో చేసిన పనిని తిట్టడం కష్టం. “స్క్రూడ్రైవర్ ఇయ్యి,” అన్నాడు ఏలియా.

పాట ఆగింది. పాస్టరు అయ్యగారు “కళ్లు మూసుకుందాం” అన్నారు. ప్రార్థనలో ఆ హాల్లో పసిపిల్లలు కూడా కళ్లు తెరవరు. ఏలియా వేదిక వెనుక మోకాళ్ల మీద కూర్చుని స్క్రూలు విప్పసాగాడు. చెమటకు పిడి జారుతోంది. మొదటి పలక ఊడింది. రెండోది సగంలో ఉండగా అయ్యగారి గొంతు ముగింపుకు వచ్చింది. స్క్రూ ఒకటి కీచుమంది. అయ్యగారు ఒక కన్ను తెరిచి ఏలియాను చూశారు, మూసుకున్నారు. ఆపైన వానల కోసం ప్రార్థించారు, డ్రైవర్ల కోసం ప్రార్థించారు, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించారు. అప్పుడు ఏ పరీక్షలూ లేవు.

“ఆమేన్” అనేసరికి రెండో పలక గోడకు ఆనింది. పాట లేచింది. వెనుక వరుసలో ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు.

ఏలియా సందులోకి వెళ్లాడు. లక్ష్మీనర్సమ్మ గడప మీదే ఉంది, చెప్పులు ఇంకా కాళ్లకే ఉన్నాయి.

“అయిపాయెనా మీ ప్రార్థన?” అంది. “ఇగ పాటలు సురు జేస్తరు గద. అప్పుడు సూస్త.”

చెవి పెట్టి వింటే, లోపల అప్పటికే మొదటి చరణం అయిపోయింది. ఏలియా స్క్రూలను పిడికిట్లో బిగించి, మూసి ఉన్న ఆ కిటికీ వైపు చూస్తూ, రెండో చరణం కూడా అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.