అందరినీ పిలిచిన మేడం

డోన్ దగ్గర ఒక బాలికల హైస్కూల్లో పిల్లల కష్టాలు వినే కౌన్సిలర్‌గా పనిచేసిన మేడం పోయిన వారం కడపలో గుండెపోటుతో చనిపోయారు. ఆదివారం ఇంటికి వెళ్లిన మనిషి మళ్లీ బడికి రాలేదు. రెండు వాక్యాల వార్త రాసి మా పేపరుకు పంపాను. అంతటితో మనసు ఊరుకోవడం లేదు.

మేడంతో మాట్లాడాలని ఏ పిల్లా అడగనక్కర్లేదు. పదో తరగతి పిల్లలందరినీ హాజరుపట్టీ వరుసలో ఒక్కొక్కరినే గదిలోకి పిలిచేవారు. చెప్పుకోవాల్సింది ఉన్నా లేకపోయినా అందరూ ఒక్కలాగే పావుగంట కూర్చోవాలి. పిల్ల కుర్చీ వీపు తలుపువైపు ఉండేది. ఏడ్చినా వరండాలో వాళ్లకు ముఖం కనపడదు. బయట ఎవరైనా అడిగితే, పొద్దున తిన్న బొరుగుల ఉగ్గాని సంగతి మాట్లాడుకున్నామని చెప్పమనేవారు. అందుకే ఆ బడిలో ఎవరిని కదిపినా ఒకటే జవాబు: “ఉగ్గానిలోకి మీ అమ్మ బజ్జీ ఏస్తాదా అని అడిగింది సార్.”

అన్నీ దాస్తానని మాత్రం ఆమె మాట ఇవ్వలేదు. పిల్లకు హాని జరిగే సంగతైతే పైవాళ్లకు చెప్పక తప్పదనీ, ఎవరికి చెప్పేదీ ముందు ఆ పిల్లకే చెబుతాననీ మొదటే అనేవారు.

నిరుడు ఒకమ్మాయికి ఇంట్లో పెళ్లి కుదిర్చారు. అధికారులు వెళ్లి ఆపారు. తండ్రి బడికొచ్చి, తన కూతురే చెప్పిందా అని మేడంను నిలదీశాడు.

“మీ పాపను పిలిచినా. క్లాసులో అందర్నీ పిలిచినా. ఎవరేం చెప్పినారో నా నోట రాదప్పా” అన్నారామె. అతను వెళ్లిపోయాడు. ఆ అమ్మాయి చదువు ఆగలేదు.

పేరు రాయను, ఆ పిల్లతో మాట్లాడించండని నేనూ అడిగాను. “నీకు చెప్తే రేపు పేపర్లో వస్తాది. ఎల్లుండి నుంచి నా కాడికి ఎవురొస్తారు?” అన్నారు.

మొన్న ఆ బడికి వెళ్లాను. గదికి తాళం ఉంది. ఈ ఏడు సగం మందినే పిలిచారట. కొత్తవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదట. మిగతా పిల్లలు ఎవరైనా అడిగారా అన్నాను.

“వాళ్లు అడగరు సార్. పిలుస్తారులే అని కూచోనుండారు” అన్నారు హెడ్‌మాస్టర్.

అంతలో ఒక పిల్ల వచ్చి ఆ తలుపు ముందు ఆగింది. మమ్మల్ని చూసి, నీళ్లు తాగడానికొచ్చానంది. నేను పేరు అడగబోయి ఆగాను. కుళాయి గేటు పక్కన ఉంది. ఆ పిల్ల అటు వెళ్లలేదు. వచ్చిన దారినే తరగతిలోకి వెళ్లిపోయింది.