ఈ రిపోర్టు మాది కాదు

వెంకటకృష్ణారావు దేన్నీ ఒక్కసారికి నమ్మడు. నూజివీడు స్టాండులో విజయవాడ బోర్డు పెట్టుకున్న బస్సు ఎక్కేముందు "విజయవాడేనా?" అని డ్రైవర్ని అడుగుతాడు. అవునంటే వెళ్ళి కండక్టర్ని అడుగుతాడు. ఆయనా అవునంటే, "ఇద్దరూ ఒక్కమాటే చెబుతున్నారంటే ముందే అనుకున్నారన్నమాట" అని కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడుగుతాడు. ఈలోగా బస్సు వెళ్ళిపోతుంది.

పదెకరాల మామిడితోట ఆయనది. మార్కెట్లో కాయలు తూయించేముందు కాటా మీద తనే ఎక్కి నిలబడతాడు. మూడు కాటాలెక్కి, మూడింట్లోనూ తన బరువు ఒక్కటే అయితేనే బంగినపల్లి దింపనిస్తాడు. తన సొంత ట్రేల్లో కూడా అడుగుదాకా చెయ్యిపెట్టి చూసుకుంటాడు.

"మీ కాయలే కదండీ, మీరే దగ్గరుండి సర్దించారు కదా?" అని షావుకారు నవ్వితే, "మధ్యలో టీకి వెళ్ళానండీ" అంటాడు.

పెళ్ళిచూపుల్లో తులసమ్మ పాట పాడితే అందరూ మెచ్చుకున్నారు. ఆయన మాత్రం లేచి, తలుపు వెనక్కి తొంగిచూసి వచ్చి కూర్చుని, "ఇప్పుడింకోసారి పాడమనండి" అన్నాడు. ముప్ఫై అయిదేళ్ళయినా ఆ సంగతి తలుచుకుంటే తులసమ్మకి ఒళ్ళు మండుతుంది.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని ఆమె స్కానింగుకి వెళ్ళాల్సి వచ్చింది.

నెల్లాళ్ళుగా కడుపులో కుడిపక్క నొప్పి. డాక్టరుగారు నొక్కి చూసి, "చేతికి ఏదో గట్టిగా తగులుతోందమ్మా. ముందు స్కాన్ తీయించండి" అన్నారు. ఆ 'ఏదో' అన్న మాటతో తులసమ్మ గుండెల్లో రాయి పడింది.

స్కానింగ్ సెంటర్లో కౌంటరు దగ్గరున్న సాయి ప్రియ అనే అమ్మాయి, "నీళ్ళు బాగా తాగి కూర్చోండి ఆంటీ" అంది.

"నీళ్ళు తాగితే లోపల నీళ్ళే కదమ్మా కనిపిస్తాయి?" అన్నాడు వెంకటకృష్ణారావు.

"అలా కాదంకుల్, తాగితేనే లోపల బాగా కనిపిస్తుంది."

"మిషన్ కొత్తదేనా? ఎవరన్నా వాడేసింది తెచ్చారా?"

తులసమ్మ తలొంచుకుని మూడో గ్లాసు ఎత్తింది. ఆయన అంతటితో ఆగలేదు. పక్క బెంచీ మీద ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చున్నావిడ వరస తప్పి ముందుకొచ్చిందేమోనని అనుమానం వచ్చి, ఆమె పేరూ ఊరూ అన్నీ ఆరా తీశాడు. పేరు సవరమ్మ. మైలవరం రోడ్డులో ఓ చిన్న ఊరు. తోటల్లో కాయకోతకి వెళుతుంది. ఆమె వరస తప్పలేదు, తులసమ్మ తర్వాతే ఆమె వంతు.

రిపోర్టు మీద సంతకం పెట్టే పెద్ద డాక్టరు విజయవాడ నుంచి రావాలట. ఎల్లుండి రమ్మన్నారు.

ఆ రెండ్రోజులూ తులసమ్మ అన్నంలో పప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయి కూర్చుంది. "ఇప్పట్నుంచే భయమెందుకు తులసీ? రిపోర్టు రానీ. అది మనదో కాదో చూసుకుని అప్పుడు భయపడదాం" అన్నాడాయన. ధైర్యం చెప్పడం ఆయనకి అంతకంటే చేతకాదు.

మూడోరోజు సాయి ప్రియ కవరు చేతికిచ్చి నవ్వింది. "అంతా నార్మల్ ఆంటీ."

తులసమ్మ అక్కడికక్కడే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి మొగుడు కళ్ళజోడు తగిలించుకుని, కాగితం మీద వేలుపెట్టి లైను లైనూ చదువుతున్నాడు.

"మంచిమాట కూడా నమ్మరా మీరు? పదండి ఇంటికి!"

"తులసీ, నీ గర్భసంచి నార్మల్‌గా ఉందంట."

"నాకు గర్భసంచెక్కడుందండీ! పద్దెనిమిదేళ్ళ కిందటే ఏలూర్లో తీసేశారుగా!"

"నేనూ అదే అనుకున్నా. మళ్ళీ మొలిచిందేమోనని అడిగా."

సాయి ప్రియ కంగారుగా కాగితం అందుకుంది. "టైపింగ్ మిస్టేక్ అంకుల్. ఆ ఒక్క లైనూ తీసేసి ఇస్తాను."

"ఒక్క లైను కాదమ్మా, మొత్తం కాగితమే మాది కాదు. మార్కెట్లో ట్రేల మీద చీటీలు ఇలానే మారిపోతుంటాయి. మా ఆవిడ తర్వాత లోపలికెళ్ళింది సవరమ్మ. ఆవిడ రిపోర్టేది?"

"పొద్దున్నే తీసుకెళ్ళారంకుల్. పిత్తాశయంలో ఏదో గడ్డలా ఉందని వచ్చింది. పాపం, ఏడ్చుకుంటూ వెళ్ళారు."

తులసమ్మకి అప్పుడర్థమైంది. ఆ సవరమ్మ ఏడ్చుకుంటూ పట్టుకెళ్ళిన కాగితం తనదన్నమాట.

సాయి ప్రియ ఫోన్ చేస్తే సవరమ్మ ఎత్తలేదు. వెంకటకృష్ణారావు బయటికెళ్ళి ఆటో పిలిచాడు.

ఊళ్ళో సవరమ్మ ఇల్లు వెతకాల్సిన పనిలేకపోయింది. గుమ్మం నిండా జనం. అరుగు మీద ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. వెంకటకృష్ణారావు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, "అమ్మా, నీకు గర్భసంచి ఉందా?" అన్నాడు.

గుమ్మంలో జనమంతా ఆయనకేసి తిరిగారు.

"ఎవరయ్యా నువ్వు? ఏం మాటలవి?" అంటూ సవరమ్మ లేచింది.

తులసమ్మ పరుగున అడ్డమొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని విషయమంతా చెప్పింది. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, సవరమ్మ దగ్గరున్నదాంట్లో గర్భసంచి తీసేసినట్టు రాసి ఉంది. ఆమెకి ఆ ఆపరేషనే జరగలేదు.

సవరమ్మ కళ్ళు తుడుచుకుని ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "మంచి కాయితం మీ చేతిలో ఉంటే మీరు ఉంచుకోక, ఇంతదూరం వచ్చి నాకెందుకిస్తారండి? ఇందులో ఏదో ఉంది."

వెంకటకృష్ణారావు మొహం వెలిగిపోయింది. "విన్నావా తులసీ! మనిషన్నాక ఇలా ఉండాలి! నన్ను నమ్మొద్దమ్మా. నాతో వచ్చి మళ్ళీ తీయించుకో."

ముగ్గురూ అదే ఆటోలో వెనక్కి వచ్చారు. పెద్ద డాక్టరే ఇద్దరికీ మళ్ళీ స్కాన్ తీశారు. పేర్లు తారుమారయ్యాయని ఒప్పుకుని చేతులు జోడించారు. సవరమ్మకి ఏమీ లేదు. తులసమ్మకి పిత్తాశయం నిండా రాళ్ళు, వాటితోపాటు ఆ గడ్డలాంటిది. అది తీసేయాలన్నారు. తీశాక పరీక్షకి పంపితే భయపడాల్సిందేమీ లేదని తేలింది. ఆ పరీక్ష రెండు చోట్ల జరిగిందని వేరే చెప్పక్కర్లేదు.

ఆపరేషనైన మూడోరోజు సవరమ్మ విజయవాడ ఆసుపత్రికి వచ్చి, చూసి, కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళింది. ఆమె వెళ్ళాక తులసమ్మ మంచం మీంచి అడిగింది.

"ఏవండీ, ఆరోజు కౌంటరు దగ్గరే కూర్చుని నాకు మళ్ళీ తీయమంటే తీసేవాళ్ళుగా. ఆవిడ ఊరిదాకా ఎందుకు పరిగెత్తారు?"

ఆయన బత్తాయి ఒలుస్తూ తలెత్తలేదు. "రెండ్రోజులు నిన్ను చూశాను కదా. ముద్ద కలుపుకుని తినకుండా కూర్చున్నావు. ఆవిడ కూడా అలానే కూర్చుని ఉంటుందనిపించింది. మన భయం ఇంకోళ్ళెందుకు మొయ్యాలి?"

తులసమ్మ చాలాసేపు ఆయన వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటి, అలా చూస్తున్నావు?"

"ఏం లేదండీ. మీరు మంచివాళ్ళు."

వెంకటకృష్ణారావు బత్తాయి పక్కన పెట్టేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"నిజం చెప్పు తులసీ. నీకు ఇంకా మత్తు దిగలేదు కదూ?"