అమ్మ చెప్పాల్సిన సాక్ష్యం

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, వేగంగా పోయేవాణ్ని చూసి మా నంద్యాలలో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపడేవాళ్లు కాదు. వేగంగా పోవడానికేముంది, వెనకాల కుక్క తరిమితే ఎవడైనా పోతాడు. నిదానంగా పోవడమే విద్య. ఆ విద్యకు ఒక పందెం కూడా ఉండేది, నిదానం సైకిల్ పందెమని. సున్నంతో గీసిన దారిలో అందరూ ఒకేసారి బయల్దేరాలి, అందరికన్నా కడాన గీత చేరినవాడే గెలిచినట్టు. మధ్యలో కాలు నేలకు తగిలితే ఔట్. ఈ విద్యలో నన్ను మించినవాడు కర్నూలు జిల్లా మొత్తంలో లేడు. నేను తొక్కుతూ ఉండగా కాకి వచ్చి హ్యాండిల్ మీద వాలి, ఒక కునుకు తీసి పోయేది. (కాకి కాదు, ఈగ. కునుకు తీసిందో లేదో కూడా నాకు తెలియదు.)

అప్పటికి నాకు ఇరవై ఒకటి. పత్తి మిల్లులో బేళ్ల మీద నంబర్లు కొట్టే ఉద్యోగం. ఆదివారాలు మాత్రం నేను పెద్దమనిషిని. మా చర్చిలో, అంటే మేము గుడి అనే పిలుచుకునేదాంట్లో, సండే స్కూలు పిల్లలకు సత్యమే పలకవలెనని చెప్పేవాణ్ని. ఏటా కోత పండగ అయినాక మా గుడికీ ఆళ్లగడ్డ గుడికీ ఆటల పోటీలు జరిగేవి. కబడ్డీలో మేము గెలిచేవాళ్లం, తాడు లాగుడులో వాళ్లు గెలిచేవాళ్లు. నిదానం సైకిల్‌లో మాత్రం మూడేళ్లుగా ఒకడే గెలుస్తా ఉన్నాడు. ఆళ్లగడ్డలో టపా పంచే మనిషి. పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు, నత్తన్న అనేవాళ్లు. ఊరందరి కార్డులూ దారిలో చదువుకుంటా పోవడం వల్ల ఆయనకు ఆ నిదానం పట్టుబడిందని మావాళ్ల వాదన.

ఆ ఏడు ఎట్లైనా నత్తన్నను ఓడించి తీరాలని నేను తీర్మానించుకున్నాను. అదే సమయంలో మా వీధి టైలర్ చాచా దగ్గర బెల్‌బాటమ్ ప్యాంటు కుట్టించుకున్నాను. ఒక్కో కాలి దగ్గర చుట్టుకొలత ముప్పై అంగుళాలు. (ఇరవై ఆరు. చాచా అంతకు మించి కుట్టనన్నాడు.) అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "ఏందీరా ఇది, ఒక్కో కాలికి ఒక్కో లంగానా?" అనింది. తరవాత పందెం సంగతి విని, ఉపాసం ఉంటానని చెప్పింది.

"సైకిల్ పందేనికి ఉపాసమేంది మా? ఇన్నోళ్లు నవ్వుతారు."

"నీ పరీక్షకుంటి, పాసైతివి. మీ నాయన జ్వరానికుంటి, లేచి కూచున్న్యాడు. సైకిలంటే దేవునికేమన్నా చేదా?"

"ఆడ నత్తన్న వాళ్లమ్మ గూడా ఉంటాదేమో ఉపాసం."

"ఉండనీ. ఇద్దరి మొరా ఇంటాడు. ఎవరికియ్యాల్నో ఆయప్పకు తెల్సు. నువ్వు సక్కంగా తొక్కు, చాలు."

పందెం మంగళవారం, ఏదో సెలవు రోజు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఆ ఎర్రటి ఎండలో సైకిల్ తొక్కుకుంటానే పోయినాను. (సైకిల్ బస్సు టాపు మీద, నేను కిటికీ పక్కన.) ఆళ్లగడ్డ గుడి ఆవరణలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, నడుమ సున్నం గీతలు. అక్కడి పాదిరి అయ్యగారు ప్రార్థన చేసి, నియమం చెప్పినారు. "ఇది దేవుని ఆవరణ. ఈడ విజిలూదేవాడుండడు. కాలు తగిలినవాడే చెయ్యెత్తి 'తగిలింది' అనాల. మనిషి చూడకపోయినా తనకు తెలుసు గదా." అందరం ఆమెన్ అన్నాం. నేను కొంచెం గట్టిగానే అన్నాను, సండే స్కూలు టీచర్ని కదా.

ఎనిమిది మందిమి బయల్దేరినాం. నాలుగు గజాలకే ఇద్దరు చేతులెత్తినారు. సగం దారికి ఇంకో ఇద్దరు. ఒకడు గీత దాటి పోయి ఆడవాళ్ల చాప మీద పడినాడు. ఇంకొకడు తుమ్మినాడు, అంతే. చివరికి మిగిలింది నేనూ నత్తన్నా. ఇద్దరం పక్కపక్కనే, గీతకు మూరెడు దూరంలో, నిలబడినామో పోతున్నామో చెప్పలేనట్టు ఉన్నాం. ఆవరణలో చీమ చిటుక్కుమనలేదు.

"ఏం తమ్ముడూ, నీడ గూడా కదల్లేదే. ఇంటికి పొయ్యే ఆలోచన లేదా?" అన్నాడు నత్తన్న, నోరు పక్కకు పెట్టి.

"నీకు టపాకు టైం కాలేదా అన్నా?" అన్నాను నేను.

ఆ మాటకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ మెప్పులో భుజం ఎడమకు వొరిగింది. ఎడమకాలి బొటనవేలు కిందికి జారి, నేలను తాకి, మళ్లా పెడలెక్కింది. కన్ను మూసి తెరిచినంత సేపు. వేలికి మట్టి చురుక్కున తగలడం కూడా నాకు తెలిసింది. కానీ బెల్‌బాటమ్ గుడ్డ పాదాన్నీ పెడల్నీ కలిపి కప్పేసింది. ఎవరికీ ఏమీ కనపడలేదు.

నత్తన్నకు నా భుజం వొరగడం కనపడింది. నా కాలు తగిలి పందెం అయిపోయిందనుకుని ఆయన నింపాదిగా కాలు కింద పెట్టి, నవ్వుతూ నా వైపు తిరిగినాడు, నేను చెయ్యెత్తుతానని. నేను ఎత్తలేదు. హ్యాండిల్ వదిలితే పడిపోతాను కదా అన్నది ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్న కారణం. (పడిపోయేవాణ్ని కాదు.) మూరెడు దూరం పోయి గీత దాటినాను. మా నంద్యాల మంద వచ్చి నన్నూ సైకిల్నీ కలిపి ఎత్తేసింది.

ఆళ్లగడ్డవాళ్లు గొణుగుతా ఉంటే నత్తన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "తగిలినట్టే అనిపిచ్చిందప్పా నాకు. తొందరపడి దిగేసినా. నువ్వు చెయ్యెత్తలేదంటే తగల్లేదన్నమాటే" అన్నాడు. నేను నోరు తెరవలేదు. నోరు తెరవకపోతే అబద్ధం కాదని ఆ రోజు దాకా అనుకునేవాణ్ని.

రెండు చెవుల ఇత్తడి కప్పు పట్టుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. కప్పును చూసి, కొంగు తల మీదికి లాక్కుని, కండ్లు మూసుకుని ఏదో చెప్పుకుని, అప్పుడు పోయి జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకునింది. మూడు పూటల తరవాత మొదటి ముద్ద. నమలతానే అనింది. "ఆదివారం నేను గుడిలో లేచి సాక్ష్యం చెప్తా."

ఈ సాక్ష్యం సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. దేవుడు తమకు చేసిన మేలును ఆదివారం నలుగురి ముందర నిలబడి చెప్పుకోవడం మాలో వాడుక. మా అమ్మ ముప్పై ఏళ్లుగా ఆ గుడికి పోతూ ఒక్కసారి కూడా లేచింది లేదు. చదువు రాదు, నలుగురిలో నోరు పెగలదు. అట్లాంటి మనిషి ఇప్పుడు లేస్తానంటోంది, నా బొటనవేలి పుణ్యమా అని.

బుధవారం నుంచి ఆమె సాధన మొదలైంది. రొట్టె తడుతూ చెప్పుకుంటుంది, బావి దగ్గర చెప్పుకుంటుంది. "సంఘానికి వందనాలు. నా కొడుకు కాలు నేలకు తగలకుండా దూతలు చేతుల్తో పట్టుకున్న్యారు..." ఆ దూతల మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను ఎడమకాలు వెనక్కి ముడుచుకునేవాణ్ని. చెప్పేద్దామని మూడుసార్లు దగ్గరికి పోయినాను. మొదటిసారి, "ఉండు, తప్పిపోతాది" అని చెయ్యి అడ్డం పెట్టింది. రెండోసారి, "దూతలు పట్టుకున్న్యారు అనాల్నా, ఎత్తుకున్న్యారు అనాల్నా?" అని నన్నే అడిగింది. మూడోసారి నేనే గుమ్మం దాకా పోయి, నీళ్లు తాగి వచ్చేసినాను.

గురువారం ప్యాంటు చంకలో పెట్టుకుని టైలర్ చాచా దగ్గరికి పోయినాను. "కిందిదంతా కోసెయ్ చాచా, గొట్టం మాదిరి చెయ్" అన్నాను.

"మొన్ననే గదప్పా కుట్టిచ్చుకుంటివి. ఏమైంది?"

చాచా మా గుడి మనిషి కాదు కాబట్టి ఆయన దగ్గర ధైర్యమొచ్చి అంతా చెప్పేసినాను. ఆయన కత్తెర కింద పెట్టినాడు. "గుడ్డేం తప్పు చేసింది బేటా? కప్పమంటే కప్పింది. ఆదివారానికి ఇంకా మూడు దినాలుంది. ఆయమ్మ నోట్నుంచి ఆ మాట రాకముందే చెప్పు. వచ్చినంక చెప్తే ఆమె గూడా నీతోపాటు ముద్దాయి ఐతాది. పో" అన్నాడు.

మూడు దినాలూ గడిచిపోయినాయి. ఆదివారం మా గుడి అయ్యగారు "సాక్ష్యాలు చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?" అనగానే ఆడవాళ్ల పక్క మా అమ్మ లేచింది. కొంగు పిడికిట్లో నలుపుతాంది. గుడి అంతా వెనక్కి తిరిగి చూసింది. "సంఘానికి వందనాలు" అనింది. "నా కొడుకు కాలు..."

నేను సింహంలా లేచి, గుడి పైకప్పు అదిరేటట్టు "తగిలింది!" అన్నాను. (పైకప్పు అదరలేదు. ఎలుక గొంతు వచ్చింది. ముందు వరసలో చెవిటి పెద్దాయన "ఏందీ?" అన్నాడు. మళ్లా చెప్పినాను. "ఏందంటాండాడు?" అన్నాడు. మూడోసారి చెప్పాల్సి వచ్చింది. ఒక తప్పు మూడుసార్లు ఒప్పుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు.) నా సండే స్కూలు పిల్లలు నోళ్లు తెరుచుకుని నన్నే చూస్తా ఉన్నారు.

అమ్మ నిలబడే ఉంది. నా వైపు చూసింది, అయ్యగారి వైపు చూసింది. "అయ్యగారూ, నేను నేర్చుకొచ్చింది తప్పంట. కూచుంటా" అని, నెమ్మదిగా చాప మీద కూచుంది. పాపం అయ్యగారు "పాట పాడుదాం" అన్నారు గానీ ఏ పాటో చెప్పడం మరిచిపోయినారు.

ఇంటికి పోయినాక ఆమె తిట్టలేదు. తిట్టివుంటే ఎప్పుడో మరిచిపోయివుండేవాణ్ని. అన్నం పెట్టి, "రేపు మిల్లుకు సెలవు పెట్టు. ఆళ్లగడ్డకు పోదాం" అని మాత్రం అనింది. మరునాడు కప్పును తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో కూచుంది.

నత్తన్న ఇంటి వసారాలో వాళ్లమ్మ చేటలో శనక్కాయ విత్తనాలు చెరుగుతాంది. మేమెవరమో చెప్పి కూచునేలోపే నత్తన్న టపా సంచితో వచ్చినాడు. ఆయన సైకిల్ గోడకు ఆనించకముందే, "అన్నా, తగిలింది" అని కప్పు చాపినాను.

ఆయన ఒక చేత్తో కప్పు అందుకుని, ఇంకో చేత్తో నెత్తి మీద కొట్టుకున్నాడు. "ఓరి నీ! నా కండ్లే తప్పు జూసినాయనుకుంటిని గదప్పా! కండ్లు పోయినాయేమో అని వారం దినాలుగా ఒక్కో కార్డూ రెండు తూర్లు చదువుతాండా." (అంతకుముందు ఒక్కసారే చదివేవాడన్నమాట.) "మావాళ్లందరూ తగిలిందని ఒకటే గోల. వాడు సండే స్కూలు టీచరురా, చెయ్యెత్తలేదంటే తగల్లేదని అందరితోనూ నేనే కొట్లాడినా."

"ఎట్ల నమ్మినావన్నా అంతగా?"

"నమ్మక ఏం జేయాల? నీ ప్యాంటు ఎత్తి చూడాల్నా?"

ఆ మాటకు ఆయనతోపాటు అమ్మ కూడా నవ్వుతుందని చూసినాను. ఆమె మాత్రం నత్తన్న వాళ్లమ్మ వైపు తిరిగి కూచుంది. "వదినా, పందెం దినం నువ్వు ఉపాసమున్న్యావా?"

"మూడు పూటలుంటి."

"నేనూ మూడే."

"మూడో పూట కాపీ తాగితిలే" అని ఆమె ఒప్పుకునింది. "నేను నీళ్లే" అనింది మా అమ్మ. ఆ గొంతులో కాసింత గర్వం నాకు వినపడింది. తరవాత వాళ్లమ్మ చేట ఆపి అడిగింది. "అయితే వదినా, దేవుడు మనిద్దర్లో ఎవరి మాట ఇన్నట్టు?"

అమ్మ లేచి నిలబడింది. గుడిలో మాదిరే కొంగు తల మీదికి లాక్కునింది. ఈసారి కొంగు నలపలేదు. "నా కొడుకు తప్పు చేసినాడు. దాచినాడు. నా నోట్లో నుంచి దొంగమాట రాకముందే వాడే లేచి చెప్పినాడు. ఇంతే నా సాక్ష్యం. దేవునికి స్తోత్రం" అని కూచుంది.

చేట ముందర నుంచి వాళ్లమ్మ "ఆమెన్" అనింది. నత్తన్న టోపీ తీసి "ఆమెన్" అన్నాడు. నేనూ అన్నాను, ఈసారి గట్టిగా కాదు.

ఆ తరవాత అమ్మ గుడిలో ఎప్పుడూ లేవలేదు. బతికినంత కాలంలో ఆమె చెప్పిన సాక్ష్యం అదొక్కటే, అదీ పక్క ఊరి వసారాలో, విన్నది ముగ్గురు. నాకిప్పుడు డెబ్బై దాటినాయి. ఆ దినం నుంచి ఈ దినం వరకు నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదని రాసి ఈ ముచ్చట ముగించుదామనుకున్నాను. రాసినాను కూడా, మంచి దస్తూరీతో. రాసి, అద్దాలు తీసి తుడుచుకుని, గడప వైపు ఒకసారి చూసినాను. ఎవరూ లేరు. అయినా ఎందుకైనా మంచిదని ఆ వాక్యం కొట్టేసినాను.