వాక్కాయ చెట్టుకు నీళ్ళు ఆపిన ఎండాకాలం

మొన్న ఆదివారం మా వీధిలోకి మొక్కల బండి వచ్చింది. గులాబీలు, మందారాల మధ్య నల్ల కవర్లో ఒక వాక్కాయ మొక్క. జానెడు ఎత్తు లేదు, అప్పుడే ముళ్ళు! ఎదురింటి కొత్త కోడలు దాన్ని కొని, "రోజూ నీళ్ళు పోయాలా అన్నా?" అని అడిగింది. "పోయాలమ్మా, ఎంత పోస్తే అంత కాస్తాది" అన్నాడు బండాయన. నాకు నవ్వు ఆగలేదు. అదే నమ్మకంతో మా మేనత్త నాలుగేండ్లు పోసింది మరి.

నేను కాలేజీ చదువుకు బళ్ళారిలో ఆమె ఇంట్లో ఉన్న రోజులవి. మాది రూపనగుడి. అక్కడి పొలం మా నాయన అమ్మేసినప్పుడు, మా జేజి, అంటే నాయనమ్మ, పెట్టిన వాక్కాయ కంచె మొత్తం జేసీబీ కింద పోయింది. అత్త పరుగున వచ్చి, మిగిలిన ఒక్క మొలకను తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చి గేటు పక్కన నాటింది. "మా అమ్మ చేసే వాక్కాయ పప్పు ఇంక యాడ తింటాం? ఇది కాస్తేనే" అనేది. అది మనిషెత్తు పెరిగింది. ఆకు నిగనిగలాడేది. పువ్వు మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. ముళ్ళకేం కొదవ లేదు, మామ చొక్కాలు మూడు చినిగినాయి. చివరకు ఆయన తేల్చేసినాడు: "ఏమే, ఈ ఆషాఢానికి కాయ కనపడకుంటే పీకిస్తా. స్కూటర్ పెట్టేకి జాగా లేదు." మామ మాటంటే మాటే. ఒకసారి అలిగి టీవీ చూడనని, క్రికెట్ వచ్చే రోజుల్లో కూడా గోడకు తిరిగి కూర్చున్న మనిషి. అత్తకు భయం పట్టుకుంది.

బళ్ళారిలో కొళాయి నీళ్ళు వారం పది దినాలకొకసారి వస్తాయి. కొత్త నీళ్ళు వచ్చిన పొద్దున డ్రమ్ముల్లో పాత నీళ్ళు, ఎంత బాగున్నా సరే, కుమ్మరించి కడగాల్సిందే. ఆ నీళ్ళు మోరీ పాలు చేయడం అత్త దృష్టిలో మహా పాపం. అందుకే రెండు డ్రమ్ములూ వాక్కాయకే పోసేది. మధ్యలో బియ్యం కడిగిన నీళ్ళు సరేసరి. అది హాయిగా తాగి ఆకులు వేసుకుంటా కూర్చుంది.

మల్లెపూలమ్మే ఆమె ఒకరోజు దాన్ని చూసి నవ్వింది. ఆమెకు సొంత మల్లెతోట ఉంది. "అక్కా, దీనికి తిండి ఎక్కువైండాది. మేము మల్లెకు ఆకు దూసి, నీళ్ళు ఆపి ఎండబెడతాం. దప్పికైతేనే పూత. శివరాత్రి నుంచి నలభై దినాలు చుక్క పోయొద్దు" అన్నది.

అత్త ఒప్పుకుంది గానీ, చెయ్యి ఒప్పుకోలేదు. నీళ్ళొచ్చిన పొద్దున బకెట్లు మోసుకొని పక్కింటి టెంకాయ చెట్టుకు పోస్తా, తిరిగి తిరిగి దీన్నే చూసేది. నన్ను కాపలా పెట్టింది, చెట్టుకు కాదు, తనకే. "నేను పోయబోతే చెయ్యి పట్టుకో పాపా" అన్నది. పద్దెనిమిదో దినం కొంగు చాటున చొంబుతో దొరికిపోయింది. "కాళ్ళు కడుక్కుంటాండా" అంది. "గేటు కాడ కాళ్ళు కడిగేదేంది అత్తా?" అని చొంబు లాక్కున్నా. ముప్పై దినాలు దాటేసరికి ఆకు వాడి రాలడం మొదలైంది. అత్త చెట్టు ముందు కూలబడి ఏడ్చేసింది. "నా చేతులతోనే చంపుతాండానేమో పాపా! మా అమ్మ కంచెలో మిగిలింది ఇదొక్కటే." నిజం చెప్తున్నా, ఆ రోజు బకెట్ ఎత్తింది నేనే. ఈసారి అత్తే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఉగాది దాటి, నలభై దినాలు నిండినాక ఒక మధ్యాహ్నం దుమ్ము లేపుకుంటా వాన కొట్టింది. పది దినాలకు కొమ్మ కొమ్మకూ తెల్లటి మొగ్గలు! విచ్చుకున్నాక వీధి మొగదల దాకా మల్లెల లాంటి వాసన. అత్త ఇంటింటికీ పోయి అందరినీ పిలుచుకొచ్చింది. మామ మాత్రం "పూతది ఏముంది, కాయ నిలవాల కదా" అని గొణిగినాడు. నిలిచింది. ఆషాఢం నాటికి పచ్చ మీద గులాబీ రంగు తిరిగిన కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడినాయి.

ఆ రోజు పప్పు మామ మూడుసార్లు వడ్డించుకొని తిన్నాడు. చెయ్యి కడుక్కొని బజారుకు పోయి, స్కూటర్‌ను వీధిలో పెట్టినా తడవకుండా ఉండేకి ఒక ప్లాస్టిక్ కవర్ కొనుక్కొచ్చినాడు. అత్త మొదటి ముద్ద నోట్లో పెట్టుకొని చానాసేపు నమల్లేదు. "ఇదే పాపా, మా అమ్మదే" అన్నది. ఆ తరువాత నేను ఎండాకాలాలు చానా చూసినా గానీ, ఏమీ చేయకుండా ఉండడానికి మేమిద్దరం అంత కష్టపడిన నలభై దినాలు మళ్ళీ రాలేదు.