ఉప్పు పోసిన చోట

మా కంపోస్టు యార్డులో, మూడో వరసలో ఒక చోటు వేడెక్కదు.

వేడెక్కకపోవడానికి ఉండే కారణాలు నాకు తెలుసు. తేమ ఎక్కువై ఉండవచ్చు. గాలి ఆడకపోవచ్చు. మడ్డి ఎక్కువై ఆకు తక్కువ పడి ఉండవచ్చు. థర్మామీటరే పాడై ఉండవచ్చు. ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చాను. వరసను తిరగేయించాను, ఎండు చెక్కముక్కలు కలిపించాను, కొత్త థర్మామీటరు కడ్డీ తెప్పించాను. ఆ కుప్ప ఎరువై వెళ్లిపోయాక అదే స్థలంలో పోసిన కొత్త కుప్ప కూడా అక్కడే చల్లబడింది. కాస్త పక్కకు జరిగి గుచ్చితే అరవై డిగ్రీలు. అక్కడ గుచ్చితే కడ్డీ మంచినీళ్ల కుండలో ముంచి తీసినట్టు చల్లగా వచ్చేది.

మా యార్డు మాదాపూర్ టవర్ల వెనక, చెరువు ఒడ్డున, మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని ఆనుకుని ఉంటుంది. నీళ్లు శుభ్రమయ్యాక మిగిలే నల్లటి మడ్డి అటునుంచి వస్తుంది. రోడ్ల మధ్య చెట్లు, ఆఫీసుల తోటలు, చందానగర్ దాకా ఉన్న అపార్టుమెంట్ల మొక్కలు కత్తిరించిన కొమ్మా రెమ్మా ట్రాక్టర్లలో వస్తాయి. కొమ్మల్ని మిషన్‌లో తురిమి, మడ్డితో కలిపి, పొడుగాటి వరసలుగా పోస్తాం. నిప్పు లేకుండానే అది లోలోపల ఉడుకుతుంది. ఆ వేడికి రోగాలూ కలుపు విత్తనాలూ చస్తాయి. చలి పొద్దుల్లో షెడ్డులోకి వెళ్తే వరసలన్నీ ఆవిరి వదులుతూ, నిండా దుప్పటి కప్పుకుని పడుకున్న మనుషుల్లా కనబడతాయి. ఉన్నట్టుండి ఒకటి కుంగుతుంది. కుంగడానికీ కారణం ఉంది.

ఆకులు రాలే కాలం వచ్చేసరికి చోటు చాలలేదు. చెరువు వైపు ఖాళీ నేల మీదికి షెడ్డు పొడిగించాలని నిర్ణయమైంది. నక్షా నేనే గీశాను. కాంట్రాక్టరు మనుషులు జేసీబీతో ఆ నేలంతా చదును చేసి, దొరికిన కంపా పొదా మా మిషన్‌కే పంపారు. కొమ్మ కనబడితే తురమడమే మా పని. ఎవరూ ఏమీ అనుకోలేదు.

మర్నాడు, ఆకుల్లోంచి ప్లాస్టిక్ కవర్లు ఏరే ఆమె పని మొదలుపెట్టకుండా చదునైన నేల వైపు చూస్తూ నిలబడింది. పాలమూరు వైపు మనిషి. బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు. భర్త ఒక టవర్ దగ్గర సెక్యూరిటీ.

"ఏమైందక్కా?"

"గీడ తుమ్మకంప ఉండె గదా సారూ. ఏడ వడేసిండ్రు?"

"మిషన్‌లో వేశారు."

ఆమె తురుము కుప్ప దగ్గరికి వెళ్లి అందులో చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు.

"గది మొలిసిన కంప గాదు సారూ. కప్పిన కంప."

పోయిన వానాకాలం తర్వాత ఆమెకు బాబు పుట్టి, దవాఖానలోనే పోయాడు. పసివాళ్లను కాల్చరు, పూడుస్తారు. రాయి పెట్టరు, పేరు రాయరు. కుక్కలు తవ్వకుండా మీద తుమ్మకంప కప్పి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. తల్లిని తీసుకెళ్లరు. భర్తా, ఆమె తమ్ముడూ బాబును ఇక్కడికి తెచ్చారు. ఫలానా కంప అని తర్వాత తమ్ముడు దూరం నుంచి చూపించాడట. అప్పుడే ఆమె ఈ యార్డులో పని అడిగి చేరింది.

"పట్నపోళ్ల పెంటంత తెచ్చి నా కొడుకు మీద పోస్తరా?" అంది. గొంతులో కోపం లేదు. మా పని పద్ధతి కనుక్కుంటున్నట్టు అడిగింది. "జాగ దొరికితే చాలు సారూ. గంత మేర ఇడిసిపెట్టుండ్రి."

కాంక్రీటు లారీలు వచ్చే వారమే రావాలి.

సాయంత్రం డ్యూటీ దిగి ఆమె భర్త యూనిఫాంలోనే వచ్చాడు. చదునైన నేల మీద అటూ ఇటూ నడిచాడు. "గీడ ఒక రాతిగుండు ఉండె. గుండుకు గీ పక్క..." అన్నాడు. ఇప్పుడు గుండు లేదు, పక్కా లేదు.

"టవర్ల అందరి మొఖాలు గుర్తువెడ్తవు," అంది ఆమె. "కొడుకును పెట్టిన జాగ గుర్తులేదా?"

అతను టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

మా ఇళ్లలోనూ మట్టి చేసేటప్పుడు ఉప్పు పోస్తారు. ఆ మాట గుర్తొచ్చి అడిగాను.

"పోసినం సారూ. బస్తెడు," అన్నాడు. "దుకాణపాయన నవ్విండు గూడ, ఏందన్నా, పచ్చడి వెడ్తున్నరా అని."

ఉప్పు కొలిచే పనిముట్టు నా దగ్గర ఉంది. ఎరువులో ఉప్పు ఎక్కువైతే మొక్కలు మాడిపోతాయి కాబట్టి, పిడికెడు ఎరువును నీళ్లలో కలిపి, మీటరు ముంచి చూసి గానీ లోడు పంపం. పైగా ఎండాకాలంలో తడి ఆవిరవుతూ లోపలి ఉప్పును పైకి లాక్కొస్తుంది. దొరికే అవకాశం ఉందని చెప్పాను.

ఆదివారం మధ్యాహ్నం నేల మీద ముగ్గుతో గళ్లు గీసి, ఒక్కో గడిలోంచి పిడికెడు మట్టి తీయడం మొదలుపెట్టాను. ఆమె సీసాతో నీళ్లు పోసింది, భర్త పక్కన నిలబడ్డాడు.

"ఏంది సారూ, మట్టికి గూడ షుగర్ టెస్టా?" అన్నాడు కుప్పలు ఎత్తిపోసే మా లోడర్ డ్రైవర్.

"ముందుగాల నీ నోటికి జేపియ్యాలె," అంది ఆమె. ఆ తర్వాత సంగతి తెలిసి అతను ఇంజన్ ఆపేసి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

చాలా గళ్లు మామూలుగానే ఉన్నాయి. చెరువు వైపు ఒకదానిలో అంకె ఒక్కసారిగా ఎగిరింది. రెండోసారి చూశాను, అంతే. ఆమె అక్కడ చతికిలబడి నేల మీద అరచెయ్యి ఆనించింది.

"సల్లగున్నది," అంది.

చుట్టూ నేల చెప్పుల్లోంచి కాలుతోంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది. ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది, తడి మట్టి చల్లగా ఉంటుంది. అదే ఆమెకు చెప్పాను. ఆమె విననట్టు ఉంది.

అక్కడితో ఆపవలసింది. కానీ మిగతా గళ్లు చూడకుండా ఒక్క అంకెను నమ్మడం నాకు చేతకాదు. చూశాను. కాస్త దూరంలో అంకె మళ్లీ ఎగిరింది. మీటరు కడిగి మరో గడి చూశాను. మళ్లీ. నేను రాసుకోవడం ఆపేశాను. ఆమె నా మొహం చూసింది.

"గాడ గూడ ఉన్నదా?"

తలూపాను.

"మేం రాకముందు గీడ గుడిసెలుండెనంట సారూ. టవర్లు కట్టినోళ్లయి," అంది ఆమె, భర్త వైపు ఒకసారి చూసి. అతను టోపీ చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"మీవాడు ఏ చోటో మీటరు చెప్పలేదక్కా," అన్నాను.

"ఎట్ల చెప్తది," అంది. కొంచెంసేపు ఆ చోట్లన్నిటినీ చూసింది. "అన్నిటి మీద కప్పుదాం. అందరి తల్లులు ఈడ లేరు గదా."

చెరువు గట్టున ఇంకా సర్కారు తుమ్మ మిగిలి ఉంది. ఆ మొగుడూ పెళ్లాలే నరికి, చేతులు గీసుకుపోతున్నా మోసుకొచ్చి కప్పారు. లోడర్ డ్రైవర్ పిలవకుండానే వచ్చి మోశాడు.

మర్నాడు నక్షా మార్చాను. షెడ్డును రోడ్డు వైపుకు తిప్పి, చెరువు వైపు నేలను చెట్లకు వదిలాను. పైఅధికారులు కారణం అడిగారు. ఈ నేలలో ఉప్పు ఎక్కువ, కాంక్రీటులోని ఇనుము తుప్పు పడుతుందని రాశాను. అందులో అబద్ధం లేదు. ఒప్పుకున్నారు. కొత్త షెడ్డులో ఇప్పుడు వరసలు పోస్తున్నాం.

ఒక్క సంగతి నేను రాయలేదు. ఉప్పు తేలిన చోట్లు చెరువు నుంచి ఇంచుమించు వరసగా పాత షెడ్డు దాకా వచ్చి, దాని గచ్చు అంచు దగ్గర ఆగాయి. గచ్చు కింద నేను చూడలేదు. గచ్చు ఉంది, దాని మీద మనిషెత్తు కుప్ప ఉంది, కింది చల్లదనం పైకి రావడానికి దారి లేదు. ఆ ఉప్పు చోట్ల గీతను మనసులోనే పొడిగిస్తే ఏ కుప్ప కిందికి వస్తుందో నాకు తెలుసు.

ఆమెకు నేనేమీ చెప్పలేదు. ఒక పొద్దున మూడో వరస దగ్గర కడ్డీ ఎత్తి పట్టుకుని ఉంటే, కవర్లు ఏరుతున్న ఆమె తల ఎత్తింది. అన్ని వరసలూ ఆవిరి వదులుతున్నాయి, ఆ చోటు తప్ప.

"గాడ గుచ్చకు సారూ," అంది.

కాస్త పక్కకు జరిగి గుచ్చాను. అరవై చూపించింది.